శుక్రవారం నాటి రాగి అల్లిక

మార్చి 24, సోమవారం

మొన్న శనివారం ఉదయం గురించి రాయాలి. ఆ ఉదయం ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని గుర్తుంచుకోవడానికే రాస్తున్నాను.

నాలుగున్నరకు లేచాను. ప్రార్థన చేసుకున్నాను. అమ్మ పోయిన తర్వాత అందులో చెప్పే పేర్లు తగ్గాయి. తొందరగా అయిపోతుంది. ముందు రోజు శుక్రవారం, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం ఉపవాసం. అందుకని శనివారం కాఫీ రుచిగా అనిపించింది. మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కుని తాగాను. కరివేపాకు చెట్టుకు నీళ్లు పోశాను. జమ్మలమడుగులో ఆరున్నర బస్సు. కండక్టరు నన్ను అడగడు, ప్రొద్దుటూరు టికెట్టు చింపి చేతిలో పెడతాడు. దారి పొడవునా శనగ కోసేసిన నల్ల చేలు.

యూనిట్ మా తమ్ముడు ఎడ్విన్‌ది. నాకంటే ముందే వచ్చి షట్టరు ఎత్తి ఉంచాడు. అది వాడికి అలవాటు లేదు. "అన్నీ అయిపోయినాయి అక్కా, నిన్ననే," అన్నాడు. కోటు వేసుకున్నాను. జుట్టు టోపీలోకి దోపాను. మణికట్టుకు వైరు పట్టీ తగిలించాను. నా బల్ల మీద రాగి అల్లిక చుట్ట ఉంది, కొత్తది, ప్లాస్టిక్ కవరుతో. పక్కకు జరిపి మైక్రోస్కోపు అద్దం తుడుచుకున్నాను.

ట్రేలో పన్నెండు కనెక్టర్లు. ఒక్కోదానికి పందొమ్మిది కాంటాక్టులు, ప్రతి కాంటాక్టు చివరా వైరు దిగే చిన్న గిన్నె. విమానంలో పైలట్ ముందు వెలిగే తెరల వెనక పెట్టెలుంటాయి, వాటిలోకి పోతాయి ఇవి. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ప్రతి గిన్నెలోనూ సోల్డరు నిండుగా, వైరు చుట్టూ నునుపుగా పారి ఉంది. లేజర్ పెట్టిన జాయింటు అందం చేతి జాయింటుకు రాదు. ఇరవై నాలుగేళ్లు బెంగుళూరులో చేత్తో పెట్టినదాన్ని, ఒప్పుకోవాలి.

కాగితంలో అన్ని గడులకూ టిక్కులున్నాయి. కింద ఇన్‌స్పెక్టరుగా నా ముద్ర. గుండ్రటి గీతలో ఏడు అంకె. పన్నెండు సార్లు వేశాను. పదకొండు గంటలకు బెంగుళూరు పార్సిలు బండి వచ్చి తీసుకుపోయింది. ఎడ్విన్ భార్య ఎస్తర్ పంపిన వంకాయ కూరతో అన్నం తిన్నాను.

అంతే ఆ ఉదయం.

మార్చి 25, మంగళవారం

జాయింట్లు మెరుస్తున్నాయి. నేను చూశాను.

మార్చి 26, బుధవారం

రహమతుల్లా ఈ రోజు ఒక మాట అడిగాడు.

లేజర్ మిషను నడిపేది అతనే. ముప్పై ఏళ్లుంటాయి. మా దగ్గరికి రాకముందు బంగారు అంగళ్ల వీధిలో గొలుసులకు టంకం పెట్టేవాడు. వాళ్ల నాయనదీ అదే పని. చేరిన మొదటి వారం నేను గిన్నె కడగడం నేర్పిస్తే నవ్వాడు. కాంటాక్టు గిన్నెకు బంగారు పూత ఉంటుంది. వైరు పెట్టే ముందు గిన్నెలో సోల్డరు కరిగించి, రాగి అల్లికతో పీల్చేయాలి. పూత దాంతోపాటు వచ్చేస్తుంది. మళ్లీ ఒకసారి. ఆ తర్వాతే అసలు సోల్డరు. దీన్నే మేము కడగడం అంటాం.

"అక్కా, ప్రొద్దుటూరులో బంగారు అతికించి బతుకుతాం. తీసి పారేసే పని మొదటిసారి చూస్తాండా," అన్నాడు అప్పుడు. "అంగట్లో నేల ఊడ్చిన మట్టి గూడా కడిగి బంగారు తీస్తారు మావాళ్లు."

అప్పటి నుంచి బంగారం పీల్చిన అల్లిక ముక్కలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు. మూత మీద తేదీలు రాస్తాడు. అందరూ నవ్వుతాం. "పిల్లకు కమ్మలు చేపిస్తావా?" అని ఎడ్విన్ ఏడిపిస్తాడు. "మీ మనవరాలికి చేపిస్తాలే అన్నా, అప్పటికి నిండుతాది," అంటాడు.

ఈ రోజు ఆ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"అక్కా, శుక్రవారం నాటి ముక్కలు యాడుండాయి? నేను జుమ్మాకు పోయి, ఇంట్లో బాగలేదని ఆణ్నుంచి ఆణ్నే ఇంటికి పోతి. పన్నెండూ ఎడ్విన్ అన్న చేసినాడంట గదా. ముక్కలు ఒకటీ లేదు."

"పారేసి ఉంటాడు," అన్నాను.

అతను నన్ను చూశాడు. "పారేస్తారా అక్కా? ప్రొద్దుటూరులో?"

నవ్వుతూనే అన్నాడు. రంజాన్ ఉపవాసం వల్ల పెదవులు ఎండి ఉన్నాయి. డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ శుక్రవారం నేను పన్నెండు నుంచి మూడు దాకా జమ్మలమడుగులో మా చర్చి గుడిలో, స్త్రీల ప్రార్థనలో ఉన్నాను. పని మిగిలింది, ఈ వారం మానుకుంటానని నేనే అన్నాను. "పో అక్కా. ప్రార్థన మానుకోవద్దు. నేనుండా గదా," అన్నాడు ఎడ్విన్. మంచి మాట అనుకున్నాను.

మార్చి 27, గురువారం

రాయడానికి ఏమీ లేదు. ఎండ.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుడి కంట్లో పొర కొంచెం మొదలైంది, తొందరేమీ లేదన్నారు.

జాయింట్లు మెరుస్తున్నాయి.

మార్చి 28, శుక్రవారం

ఈ రోజు గుడికి వెళ్లలేదు. యూనిట్‌లోనే ఉన్నాను. రహమతుల్లా జుమ్మాకు వెళ్లాడు. మిగిలిన వాళ్లు భోజనానికి బయటికి వెళ్లారు. ఎడ్విన్ నన్ను చూసి, "ఏంది అక్కా, ప్రార్థనకు పోలే?" అన్నాడు.

"పన్నెండూ కడిగినావా?" అన్నాను.

ఎడ్విన్‌కు నలభై నాలుగు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నా చంకలో పెరిగాడు. అబద్ధం చెప్పే ముందు చెవి గోక్కుంటాడు. గోక్కున్నాడు. తర్వాత చెయ్యి దించేశాడు.

"శనివారం బండికి పోవల్ల. కడిగి పెట్టాలంటే రెండ్రోజులు పడ్తాది. బెంగుళూరోళ్లు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసినారు. ఇంగోసారి లేటయితే ఆర్డరు వేరేవాళ్లకు పోతాది."

"లేదన్నమాట."

"లేజరక్కా ఇది. నువ్వు ఇనుప కడ్డీతో కాల్చిన కాలం గాదు. అరసెకనులో అయిపోతాది. ఆ కాసింత బంగారుకు విమానం పడిపోతాదా? గిన్నెంతుంది? చీమ తలకాయంత లేదు."

బెంగుళూరులో నేను చేరిన ఏడాది ఒక జాయింటును మాకు చూపించారు. అద్దంలా ఉంది. వణికే బల్ల మీద బిగించి మీట నొక్కారు. చాలాసేపు ఏమీ కాలేదు. అందరం టీకి వెళ్లి వచ్చాం. వచ్చేసరికి వైరు విడిగా ఊగుతోంది. లోపల గాజు పెంకు విరిగినట్టు విరిగింది. బంగారం ఎక్కువ కలిస్తే సోల్డరు పెళుసవుతుంది, అది కంటికి కనపడదు అన్నారు. అందుకే కడిగేటప్పుడు ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడి చూడాలి, చూశాకే ముద్ర వేయాలి.

ఇదంతా ఎడ్విన్‌కు చెప్పలేదు. వాడికి తెలుసు. మూడేళ్ల కిందట యూనిట్ పెట్టినప్పుడు నేనే చెప్పాను.

"చెప్పల్ల వాళ్లకు," అన్నాను.

"చెప్తే? మన అప్రూవల్ పీకేస్తారు. ఎనిమిది మంది పోయి యాడ చేస్తారు? నువ్వేం చేస్తావు? ఇంట్లో కూచుని కరేపాకు చెట్టుకు నీళ్లు పోస్తావా?"

నేను ట్రే మీద గుడ్డ కప్పాను.

"ముద్ర నీది అక్కా," అన్నాడు. గట్టిగా అనలేదు.

మార్చి 29, శనివారం

ఎస్తర్ కూర డబ్బా రాలేదు. మూడేళ్లలో మొదటిసారి. మరదలి తప్పు కాదు, వాడు ఏం చెప్పాడో.

బల్ల దగ్గరే రెండు అరటిపండ్లు తిన్నాను.

సాయంత్రం బెంగుళూరు నుంచి సమీరా గారు ఫోన్ చేశారు. సరుకు తీసుకునేది ఆమే. అనంతపురం పిల్ల, తెలుగులోనే మాట్లాడుతుంది. "మేడమ్, పన్నెండూ ముట్టినాయి. ఏప్రిల్ ఏడో తారీఖు పెట్టెల్లో బిగిస్తాం. వేరే యూనిట్లవి అయితే ఒకటి రెండు కోసి లోపల చూస్తాం. మీ ఏడో నంబరు ముద్ర ఉంటే మేం చూడం మేడమ్, నేరుగా పంపిస్తాం."

థాంక్యూ అమ్మా అన్నాను.

థాంక్యూ అన్నాను.

మార్చి 30, ఆదివారం

ఆరాధనకు వెళ్లాను. ప్రభురాత్రి భోజనం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. నా వరస వచ్చినప్పుడు లేవలేదు. పక్కన కూర్చున్న టీచరమ్మ మోకాళ్లు నొప్పా అని అడిగింది. అవునన్నాను.

మధ్యాహ్నం బెంగుళూరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. "గౌరవనీయులైన" దగ్గర ఆగాను. వీధిలో ఉగాది పచ్చడి పంచుతున్నారు. పక్కింటి గోవిందమ్మ గిన్నెతో తెచ్చి ఇచ్చింది. వంటగదిలో నిలబడి తాగాను.

మార్చి 31, సోమవారం

రంజాన్ సెలవు. రహమతుల్లా భార్య అఫ్సానాతో, పాపతో బండి మీద జమ్మలమడుగు దాకా వచ్చాడు. స్టీలు క్యారియర్లో సేమ్యా పాయసం. మా ఇంటికి మనుషులు వచ్చి ఎంతకాలమైందో. కుర్చీలు తుడిచి వేశాను. పాప నా కళ్లజోడు పీకింది.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగాడు.

"అక్కా, డబ్బాలో ముక్కలు లేవని నేనెవరికీ చెప్పలే."

"తెలుసు నాయనా."

"మా నాయన అంగట్లో పన్జేసేటప్పుడు ఒకసారి తక్కువ బంగారు గొలుసుకు అంగడి ముద్ర ఏసి పంపినారంట. అది కొన్నాయన మళ్లీ వచ్చినాడంట. గొలుసు తెగితే మెడలోంచి జారి కిందబడ్తాది అక్కా. మళ్లీ వచ్చి అడగొచ్చు." అఫ్సానా బండెక్కి పిలుస్తోంది. "ఇవి తెగితే వచ్చి అడిగేటోళ్లుంటారా?"

పాయసం రెండు రోజులు వస్తుంది ఒక్కదానికి.

ఏప్రిల్ 1, మంగళవారం

ఆ చుట్టకు కవరు ఉంది.

ఏప్రిల్ 2, బుధవారం

నిన్న రాసిన వాక్యం కొట్టేయాలనుకున్నాను. కొట్టేయలేదు.

శనివారం ఉదయం, మైక్రోస్కోపు తుడవక ముందు, రాగి అల్లిక చుట్టను పక్కకు జరిపాను. కొత్తది. కవరు తీయలేదు. పాత చుట్ట గురువారమే అయిపోయింది, ఖాళీ చక్రం నేనే చెత్తబుట్టలో వేశాను. అల్లిక లేకుండా కడగడం కుదరదు. చూసిన క్షణమే తెలుసు. రహమతుల్లా అడగకముందే తెలుసు. ముద్ర చేతిలోకి తీసుకోకముందే తెలుసు.

మొదటి రోజు ఇదే రాశాను, పక్కకు జరిపాను అని. దాని ముందూ వెనకా కాఫీ, సంగటి, వంకాయ కూర రాశాను.

చెల్లెలు రెబెకాకు ఫోన్ చేసి అంతా చెప్పాను, చుట్ట తప్ప. మా ముగ్గురిలో నడిమిది, పులివెందుల స్కూల్లో టీచరు. అంతా వింది. తర్వాత, "శనివారం నాయన జ్ఞాపకార్థ కూటం మా ఇంట్లోనే పెడతా. వాణ్ని నేను పిలుస్తా. నువ్వు రా అక్కా," అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఎడ్విన్ యూనిట్‌లో నాతో మాట్లాడి వారమైంది. ఏదైనా కావాలంటే రహమతుల్లాతో చెప్పిస్తాడు. నేను పదడుగుల దూరంలో ఉంటాను. "అక్కను అడుగు, రెండో ట్రే అయిందేమో." "అయిందని అన్నకు చెప్పు." పాపం రహమతుల్లా మెడ అటూ ఇటూ తిప్పుతాడు.

గుడికి వెళ్లాను. మూడు గంటలూ కూర్చున్నాను. అడగడానికి మాటలు రాలేదు. కూర్చోవడమే ప్రార్థన అనుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి మూడయింది. ఈ రాత్రి ఇక్కడే ఉన్నాను. రెబెకా వాళ్ల ముందుగదిలో, నాయన ఫోటో కింద కూర్చుని రాస్తున్నాను.

నాయన జ్ఞానప్రకాశం గారు బడిపంతులు. ఇంట్లో పెద్ద విషయం ఏదైనా సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాకే మాట్లాడాలని పద్ధతి పెట్టారు. ముందు చిన్నవాళ్లు. చివర పెద్దవాళ్లు. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు నిజం చెప్పరు అనేవారు. ఆయన పోయి పదహారేళ్లు. చివరి మాట అప్పటి నుంచి నాది.

ఐదింటికి కూర్చున్నాం. ఎడ్విన్, ఎస్తర్, రెబెకా, ఆమె భర్త నవీన్ కుమార్, నేను. కీర్తన పాడాం. ఎడ్విన్ గొంతు నాయన గొంతే. ఆమెన్ అన్నాక ఎవరూ కళ్లు తెరవలేదు కొంచెం సేపు.

ఎడ్విన్ మొదలుపెట్టాడు. "కడగలేదు. నిజమే. నాకు ఆర్డరు కావల్ల, అంతే. చెప్తే యూనిట్ మూస్తారు. మిగతాది మీరే చెప్పండి."

ఎస్తర్ ఏడ్చింది. "వారం నుంచి ఈయన సరిగ్గా తినలే వదినా," అంది నాతో. కూర పంపనందుకు క్షమాపణ అది.

రెబెకా, చెప్పకుండా ఉండడానికి వీల్లేదంది. తర్వాత నవీన్ గొంతు సవరించుకున్నాడు. కోఆపరేటివ్ బ్యాంకులో ఆఫీసరు, కాగితం పని తెలిసినవాడు. అందరినీ గట్టున పడేయాలనే చూశాడు.

"ఒక దారుంది వదినా. మీ కంట్లో పొర వస్తాందని రెబెకా చెప్పింది. డాక్టరు చీటీ గూడా ఉంది గదా. మా ఇన్‌స్పెక్టరుకు చూపు సరిగా లేదు, ఆ పన్నెండింటినీ మళ్లీ ఒకసారి చూసుకోండి అని రాస్తాం. వాళ్లకు చెప్పినట్టుంటాది. యూనిట్ మీదికి రాదు. మీరెట్లాగూ ఈ ఏడాదో వచ్చే ఏడాదో పని మానుకునేవాళ్లే."

ఎడ్విన్ తల ఎత్తాడు. వాడి ముఖంలో వారం తర్వాత రక్తం కనపడింది. రెబెకా కూడా, "అది అబద్ధం గాదు గదా అక్కా, పొర ఉండేది నిజమే," అంది. అందరూ నా వైపు తిరిగారు. ఎంత ప్రేమగా చూశారో. మానుకోవడం గురించి నన్ను ఎవరూ అడగలేదు, అది ముందే అయిపోయిన విషయంలా ఉంది.

ఒప్పుకుందామని నాకూ అనిపించింది. నింద నా ఒక్కదాని మీదే పోతుంది. పెద్దదాన్ని. అలవాటే.

"కళ్లని రాస్తే వాళ్లు ఏం చేస్తారు?" అన్నాను.

"ఇంగొకరితో చూపిస్తారు," అన్నాడు నవీన్.

"మంచి కళ్లున్నోళ్లతో. కళ్ల తప్పంటే కోసి చూడరు, పైపైన చూస్తారు. వాళ్లకూ మెరుస్తానే కనపడతాయి. అది కంటికి అందేది గాదు నవీన్. ఓకే అని బిగిస్తారు. అప్పుడు ఇద్దరు చూసినట్టయితాది."

ఎడ్విన్ మళ్లీ తల దించుకున్నాడు. వాడికి ముందే తెలుసు.

"ఇంగొకటి చెప్పల్ల," అన్నాను. "ఆ పొద్దు అల్లిక చుట్టకు కవరుండింది. నేను చూసినా."

"చూసినావా?" ఎడ్విన్ లేచి నిలబడ్డాడు. "శనివారమే? ముద్ర ఏసేటప్పుడు?"

"ఏసే ముందు."

"మరి నన్ను ఏంటికి అడగలేదక్కా?"

"అడిగితే నువ్వు నిజం చెప్తావని."

వాడు అలాగే నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు లెక్కలు తప్పితే కూర్చున్నట్టు. ఆ బల్లా, ఆ ఆరున్నర బస్సూ, మధ్యాహ్నం ఎస్తర్ డబ్బా, ఇవి పోతే నాకు రోజులో మిగిలేది నాలుగున్నర ప్రార్థన ఒక్కటే. దానికే భయపడ్డానని చెప్పవలసింది. చెప్పలేదు. ఇక్కడ రాశాను.

సాయంత్రం నిర్ణయమైనవి రాసి ముగిస్తాను.

ఉత్తరంలో పన్నెండు కనెక్టర్ల గిన్నెలు కడగలేదని, బంగారం లోపలే ఉందని, మళ్లీ చూడొద్దు, తీసేయండని రాయాలి. కళ్ల మాట ఉండకూడదు. నవీన్ శుభ్రంగా రాసిపెట్టాడు. నేను సంతకం చేశాను. నా సంతకం కింద ఎడ్విన్ చేశాడు, ఎవరూ అడగకుండానే. సమీరా గారికి ఫోన్ ఇప్పుడే చేయాలని తీర్మానమైంది. ఆరున్నరకు నేనే చేశాను. పన్నెండూనా అని ఆమె అడిగింది. తర్వాత, సోమవారం ఏదీ బిగించం మేడమ్, అంది. సోమవారానికి ఎడ్విన్ ఉత్తరం తీసుకుని స్వయంగా బెంగుళూరు వెళ్లాలి. ఏడో నంబరు ముద్ర ఉత్తరంతో పాటు అప్పగించాలి. వెంట తెచ్చుకున్నదాన్ని గుడ్డలో చుట్టి వాడి చేతికి ఇచ్చాను. వాళ్లు వచ్చి తనిఖీ చేసేదాకా యూనిట్ మూసి ఉంటుంది. ఆ మాట రహమతుల్లాకూ మిగిలిన వాళ్లకూ ఎడ్విన్ తన నోటితోనే చెప్పాలి. మళ్లీ తెరవనిస్తే శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా మిషను ఆగాలి. ఇది ఎడ్విన్ అన్న మాట, అందరం సరే అన్నాం.

అక్క ఇక పులివెందులలోనే ఉండాలని రెబెకా, ప్రొద్దుటూరులో తమ దగ్గర ఉండాలని ఎస్తర్ పట్టుబట్టారు. చివరి మాట నాది కాబట్టి, రేపు ఆరాధన అయ్యాక నన్ను జమ్మలమడుగు బస్సు ఎక్కించాలని నిర్ణయమైంది.